చిత్రహింసపై మిలాన్ వాదన

మరణశిక్షనూ చిత్రహింసనూ వద్దన్న వాదన 18వ శతాబ్దపు యూరప్‌లో మిలాన్ నగరం నుంచి బలంగా వినిపించింది. 1764లో లివోర్నోలో ‘నేరాలు, శిక్షలు’ అనే చిన్న పుస్తకం రచయిత పేరు లేకుండా అచ్చయింది. రాసినవాడు చెజారే బెక్కారియా, అప్పటికి వయసు 26. పియెత్రో వెర్రి ఇంట్లో కలుసుకుని చర్చించుకునే యువకుల బృందంలో అతనొకడు. పియెత్రో తమ్ముడు అలెస్సాండ్రో ఖైదీల తరఫున నిలిచే అధికార పదవిలో ఉండడంతో జైళ్ల లోపలి సంగతులు వాళ్లకు నేరుగా తెలిసేవి.

వాళ్లు దేన్ని ఎదిరించారో 1630 నాటి ప్లేగు కేసు చెబుతుంది. ఆ ఏడాది జూన్‌లో వాన కురుస్తున్న ఒక ఉదయం, గోడ పక్కనే నడుస్తూ గోడకు చెయ్యి రాస్తున్న మనిషిని ఒక స్త్రీ కిటికీలోంచి చూసింది. ఆ మనిషి ఆరోగ్య శాఖ ఉద్యోగి గులియెల్మో పియాత్సా, వేళ్ల సిరా తుడుచుకుని ఉంటాడు. గోడలకు ప్లేగు విషం పూస్తున్నాడని ఊరంతా పాకింది. రెండుసార్లు తాళ్లతో హింసించినా అతను ఒప్పుకోలేదు. నిజం చెబితే వదిలేస్తామని ఆశపెట్టాక, మందు లేపనాలు చేసే మంగలి జాంజాకోమో మోరా పేరు చెప్పాడు. మోరా హింసకు తాళలేక ఒప్పుకున్నాడు, తర్వాత కాదన్నాడు, మళ్లీ హింసిస్తామనగానే మళ్లీ ఒప్పుకున్నాడు. ఆగస్టు 1న ఇద్దరినీ క్రూరంగా చంపారు. మోరా ఇల్లు కూల్చి, ఆ స్థలంలో అతని అపకీర్తికి గుర్తుగా స్తంభం నిలిపారు. 1778 దాకా అది అక్కడే ఉంది.

చిత్రహింసకు ఓర్చుకోగల దోషి బయటపడతాడు, ఓర్చుకోలేని నిర్దోషి బలవుతాడు. బెక్కారియా వాదనకు ఇదే ప్రాణం, నేటికీ దీనికి సమాధానం లేదు. శిక్ష ఎంత కఠినమన్నది కాదు, ఎంత తప్పనిసరిగా, ఎంత త్వరగా పడుతుందన్నదే నేరాన్ని ఆపుతుందని ఆయన నమ్మాడు. రహస్య ఫిర్యాదులు పోవాలన్నాడు. చట్టం జనానికి అర్థమయ్యేలా ఉండాలన్నాడు. అయితే మరణశిక్షకు బదులుగా ఆయన చూపినది జీవితాంత వెట్టిచాకిరీ. ఆ పుస్తకంలో నేటి పాఠకుడిని నొప్పించే భాగం అదే.

పియెత్రో వెర్రి 1777లో ప్లేగు కేసు మీదే చిత్రహింసను ఖండిస్తూ రాశాడు. అయితే సెనేట్‌లో పెద్ద పదవిలో ఉన్న తండ్రి మనసు నొప్పించలేక అచ్చువేయలేదు. పియెత్రో కూడా పోయాక 1804లో అది వెలుగు చూసింది. బెక్కారియా దౌహిత్రుడు, నవలాకారుడు అలెస్సాండ్రో మాంజోని తర్వాత అదే స్తంభం కథను పుస్తకంగా రాశాడు.

బెక్కారియా పుస్తకాన్ని 1766లో కాథలిక్ చర్చి నిషిద్ధ గ్రంథాల జాబితాలో చేర్చింది. అదే ఏడాది వోల్టేర్ దానికి వ్యాఖ్యానం రాశాడు. 1786 నవంబరు 30న టస్కనీ పాలకుడు పియెత్రో లియోపోల్దో మరణశిక్షనూ చిత్రహింసనూ రద్దు చేశాడు. ఫ్లోరెన్స్‌లో హింసా పరికరాలను తగలబెట్టారు. కానీ 1790లోనే కొన్ని నేరాలకు మరణశిక్ష తిరిగొచ్చింది. న్యాయం పొరబడితే ప్రాణం తిరిగి ఇవ్వలేమన్న వాదనను 1792లో ఒక ప్రభుత్వ సంఘంలో బెక్కారియా మరో ఇద్దరితో కలిసి నమోదు చేశాడు.

ఏకీకృత ఇటలీ 1889 నాటి శిక్షాస్మృతితో మరణశిక్షను తొలగించింది. 1926లో ముస్సోలినీ ప్రభుత్వం దాన్ని తిరిగి తెచ్చింది. 1948 రాజ్యాంగంలోని 27వ అధికరణం నిషేధించింది, యుద్ధకాల సైనిక చట్టాలకు ఇచ్చిన మినహాయింపు 2007లో పోయింది. చిత్రహింస విషయంలో మాత్రం బెక్కారియా దేశం సిగ్గుపడాల్సినంత ఆలస్యం చేసింది. 2001లో జెనోవాలో నిరసనకారులను పోలీసులు కొట్టిన ఘటనపై 2015లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఇటలీని తప్పుపట్టింది. చిత్రహింసను ప్రత్యేక నేరంగా పేర్కొనే చట్టం 2017 జులైలో గానీ అక్కడ రాలేదు.