దరఖాస్తు కాగితంలోని చరిత్ర



ఏటా వేసవిలో ఫలితాలు వచ్చీ రాగానే మన ఇళ్ళలో ఒకటే మాట. "పిల్లవాడి దరఖాస్తుకు బలం ఉందా? కాలేజీలో సీటు వస్తుందా?" బలం అనగానే మనకు మొదట గుర్తుకు వచ్చేవి మార్కులు. మార్కులు ఉండవలసిందే, అందులో సందేహం లేదు. అయితే ఆ కాగితంలో మార్కుల గడితో పాటు ఇంకా చాలా గడులు ఉంటాయి. ఏ ఊళ్ళో పుట్టావు, ఎక్కడ చదివావు, ఎన్నేళ్ళు చదివావు, కులమేది, మాతృభాష ఏది అని అవి అడుగుతాయి. బళ్ళారి, రాయచూరు, కోలారు, హోసూరు, బరంపురం, పర్లాకిమిడి, షోలాపూరు, నాందేడు, యానాం వంటి చోట్ల తరతరాలుగా ఉంటున్న తెలుగువారికి అడ్డుపడేవీ, ఆదుకునేవీ కూడా ఈ గడులే. అవి ఎప్పుడు వచ్చాయో, ఎందుకు వచ్చాయో తెలిస్తే, వాటిని ఎలా నింపాలో కూడా తెలుస్తుంది. ఈనాటి ప్రసంగంలో ఆ చరిత్రే చెప్పుకుందాం.

మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడింది. కాలేజీ చదువుకు వాకిలి మెట్రిక్యులేషన్ పరీక్ష. ఆ రోజుల్లో అది ప్యాసైనవాడికి సీటు కరువు లేదు. ఇంగ్లీషు రావాలి, జీతం కట్టే శక్తి ఉండాలి, అంతే. ఆ రెండూ ఉన్న ఇళ్ళు మాత్రం బహు తక్కువ. తరువాత హైస్కూళ్ళు పెరిగాయి. ప్యాసైనవారు పెరిగారు. వైద్యం, ఇంజనీరింగు కాలేజీలు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. ఒక సీటుకు పదిమంది నిలబడినప్పుడు ఎవరికివ్వాలనే ప్రశ్న పుట్టింది. దరఖాస్తులోని కొత్త గడులన్నీ ఆ ప్రశ్నలోనుంచే వచ్చాయి.

మొదట వచ్చినది కులం గడి. కొద్ది కులాలవారే చదువునూ కొలువులనూ అందుకుంటున్నారని జస్టిస్ పార్టీవారు ఉద్యమించారు. వారి ప్రభుత్వం 1921లో ఉద్యోగాల విషయంలో కమ్యూనల్ జీ.వో. తెచ్చింది. కొంతకాలానికి కాలేజీ సీట్లకు కూడా ఆ పద్ధతి పాకింది. రాజ్యాంగం అమలులోకి వచ్చేనాటికి మద్రాసు రాష్ట్రంలో ప్రతి 14 సీట్లకు ఒక లెక్క ఉండేది. బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లిములకు 1.

ఈ లెక్కను మద్రాసు హైకోర్టులో సవాలు చేసినవారు చంపకం దొరైరాజన్. ఇక్కడొక విశేషముంది. ఆమె వైద్య కళాశాలకు అసలు దరఖాస్తే పెట్టలేదు. విచారించగా తన కులానికి ఆ లెక్కలో చోటు దొరకదని తెలిసి, నేరుగా కోర్టుకు వెళ్ళారు. మన దేశంలో కాలేజీ ప్రవేశాల చరిత్రను మలుపు తిప్పిన కేసు, పెట్టని దరఖాస్తు మీద నడిచిందన్నమాట. అప్పటికి రాష్ట్రప్రభుత్వ వైద్య కళాశాలలు నాలుగు, వాటిలో సీట్లు 330. వాటిలో 17 బయటి రాష్ట్రాలవారికి, 12 ప్రభుత్వం తన ఇష్టప్రకారం ఇచ్చుకొనేందుకు కేటాయించి ఉండేవి. 1951 ఏప్రిల్ 9న సుప్రీం కోర్టు ఆ జీ.వో. చెల్లదని తీర్పు చెప్పింది. కొద్ది కాలంలోనే పార్లమెంటు రాజ్యాంగాన్ని మొదటిసారి సవరించి, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చునని 15వ అధికరణంలో నాల్గవ ఖండం చేర్చింది. ఈనాడు మీరు జతపరిచే కులధ్రువపత్రానికి ఆధారం అదే.

ఇక రెండవది ఊరు గడి. మన సరిహద్దువారికి అసలైన చిక్కు ఇక్కడే ఉంది. బయటి రాష్ట్రాలవారికి 17 సీట్లు అన్న మాట మరొకసారి గుర్తు చేసుకోండి. బయట అంటే ఏమిటి? ఎల్లలు మారినప్పుడల్లా ఆ మాటకు అర్థం మారిపోయింది.

గంజాం ప్రాంతం 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాజధానిలోనిదే. మన మాజీ రాష్ట్రపతి వి.వి. గిరిగారు బరంపురంలో పుట్టి, అక్కడి ఖల్లికోట కాలేజీలో చదివి, 1913లో న్యాయశాస్త్రం కోసం డబ్లిను వెళ్ళినప్పుడు ఆయన మద్రాసు రాజధాని విద్యార్థి. ఒరిస్సా వేరుపడ్డాక అదే వీధిలోని పిల్లవాడు వేరే రాష్ట్రంవాడయ్యాడు. పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఊరే విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. అందరూ అలా వెళ్ళలేరు కదా! ఉండిపోయినవారి పిల్లలు కొత్త నిబంధనల కింద దరఖాస్తులు పెట్టుకున్నారు.

బళ్ళారి సంగతీ అంతే. దత్తమండలంలో బళ్ళారి, అనంతపురం పక్కపక్క జిల్లాలు. 1916లో అనంతపురంలో కాలేజీ వచ్చినప్పుడు దాని పేరే దత్తమండల కళాశాల. తరువాత అక్కడ ఇంజనీరింగు కళాశాల కూడా వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో ఉన్నాయి, బళ్ళారి మైసూరులో కలిసింది. నిన్నటిదాకా ఇంటి కాలేజీగా ఉన్నది పొరుగు రాష్ట్రపు కాలేజీ అయింది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైనప్పుడు రాయచూరు, బీదరు, నాందేడులలోని తెలుగువారికి ఉస్మానియా అలాగే దూరమైంది. 1960లో తిరుత్తణి మద్రాసుకు వెళ్ళింది. యానాం 1954 నవంబరు 1న ఫ్రెంచి పాలననుండి బయటపడి పుదుచ్చేరితోనే ఉండిపోయింది. చుట్టూ గోదావరి సీమ, దరఖాస్తు మాత్రం వందల మైళ్ళ దూరాన ఉన్న పుదుచ్చేరికి. అయితే అక్కడి ప్రవేశాలలో యానాం ప్రాంతానికి విడిగా వాటా ఉండడం కొంత మేలు.

ఊరు గడికి రాజ్యాంగబలం వచ్చింది ఆంధ్రప్రదేశ్‌లో. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చాయి. రెండింటి వెనుకా చదువులు, ఉద్యోగాలు స్థానికులకు దక్కాలన్న ఆవేదన ఉంది. 1973లో ఆరు సూత్రాల పథకం, దాని ఫలితంగా 371-డి అధికరణం, 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులు మూడు స్థానిక ప్రాంతాలయ్యాయి. ఆ ప్రాంతపు కాలేజీలలో 85 శాతం సీట్లు స్థానికులకు. స్థానికుడంటే ఎవరు? అర్హతపరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు అక్కడ చదివినవాడు. మిగతా 15 శాతానికీ నివాసం వంటి షరతులు ఉండేవి.

ఈ నిబంధన పుట్టుక గురించి గాని, భాష గురించి గాని అడగదు. చదివిన చోటు అడుగుతుంది. రాయదుర్గంలో పుట్టి పదోతరగతి దాకా అక్కడే చదివిన అమ్మాయి, దగ్గరేనని బళ్ళారిలో పి.యు.సి. చేరిందనుకోండి. నాలుగేళ్ళ వరుస తెగిపోయింది. కర్ణాటకలో చూద్దామంటే, అక్కడి ముఖ్య నిబంధన ఆ రాష్ట్రంలో కనీసం ఏడేళ్ళ చదువు కోరుతుంది. ఆమెకున్నవి రెండేళ్ళు. మార్కులు 90 శాతం వచ్చినా రెండు వైపులా ఆమె దరఖాస్తు బలహీనమే. ఇందులో పిల్ల తప్పేమీ లేదు. ఆ అడుగు వేసేముందు ఈ లెక్క చెప్పేవారు లేకపోయారు.

2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు పాత ప్రవేశపద్ధతిని పదేళ్ళకు మించకుండా కొనసాగించాలని చట్టంలో రాశారు. ఆ గడువు 2024 జూన్‌తో ముగిసింది. కనుక అన్నయ్యకు వర్తించిన నిబంధన తమ్ముడికి వర్తిస్తుందని అనుకోకండి.

మూడవది డబ్బు. దరఖాస్తులో దానికి గడి ఉండదు గాని, ఒక కాలంలో అన్నిటికన్నా బరువైనది అదే. కర్ణాటకలో ప్రైవేటు కాలేజీలు పెరిగి, మన తెలుగు పిల్లలు ఎందరో అటు వెళ్ళారు. కాపిటేషను ఫీజును నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1983లో, కర్ణాటకలో 1984లో చట్టాలు వచ్చాయి. అయినా వైద్యవిద్యకు ఏడాదికి ప్రభుత్వ సీటుకు 2,000 రూపాయలు, ఇతర కర్ణాటక విద్యార్థులకు 25,000 దాకా, బయటి రాష్ట్రాలవారికి 60,000 దాకా అని రేట్లు నిర్ణయించారు. ఇక్కడా ఊరే ధర కట్టింది చూడండి. మోహినీ జైన్ అనే విద్యార్థిని ఈ రేట్లను ప్రశ్నించగా, 1992లో సుప్రీం కోర్టు కాపిటేషను ఫీజు రాజ్యాంగవిరుద్ధమన్నది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో ఉచిత సీట్లు, చెల్లింపు సీట్లు అనే విభజన చేసి, ప్రతిభను బట్టే నింపాలన్నది. ఉమ్మడి ప్రవేశపరీక్షలకు దానితో ఊపు వచ్చింది.

ప్రవేశపరీక్షల కథ కూడా ఒకే దారిన నడవలేదు. తమిళనాడు 2006లో చట్టం చేసి, ఇంజనీరింగుకూ వైద్యానికీ ప్రవేశపరీక్షను తీసివేసి, ప్లస్ టూ మార్కులనే ప్రమాణం చేసింది. పల్లెటూరి పిల్లలకు కోచింగు అందదన్నది దాని వాదన. వైద్యానికి నీట్ వచ్చాక ఆ పద్ధతి నిలవలేదు. 2017 నుండి నీట్ ప్రశ్నపత్రం తెలుగులో కూడా వస్తున్నది. 2020లో తమిళనాడు మరొక చట్టం చేసి, 6 నుండి 12వ తరగతి దాకా ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి వైద్య సీట్లలో 7.5 శాతం కేటాయించింది. హోసూరు వైపు ప్రభుత్వ బడుల్లో చదివే తెలుగు పిల్లలు ఈ సంగతి మరువరాదు.

ఇక మనకు బలమిచ్చే గడులు మరి రెండు ఉన్నాయి. మొదటిది 371-జె. 2012లో చేసిన 98వ సవరణతో వచ్చిన ఈ అధికరణం పాత హైదరాబాదు-కర్ణాటక ప్రాంతానికి సంబంధించినది. బళ్ళారి కూడా ఇందులో ఉంది. దీని ప్రకారం ఆ ప్రాంతపు విద్యాసంస్థలలో 70 శాతం, రాష్ట్రంలోని మిగతా చోట్ల 8 శాతం సీట్లు ఆ ప్రాంతంవారికే. ఇక్కడ చూసేది పుట్టుక, నివాసం. మీ ఇంట్లో ఏ భాష మాట్లాడుతారని అడగరు. రాయచూరు తెలుగు కుటుంబానికి, పక్కింటి కన్నడ కుటుంబానికి ఉన్న హక్కే ఉంది. కావలసిందల్లా అసిస్టెంటు కమిషనరు ఇచ్చే అర్హతాపత్రం.

రెండవది మాతృభాష. అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలు నడుపుకొనే హక్కు 30వ అధికరణంలో ఉంది. 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తులు, భాషాపరంగా అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రం లెక్కన చూడాలని తేల్చారు. అంటే తెలుగువాడు గుంటూరులో అల్పసంఖ్యాకుడు కాడు, షోలాపూరులో అవుతాడు. పొరుగు రాష్ట్రాలలో తెలుగువారు నడిపే మైనారిటీ కళాశాలల్లో మన పిల్లలకు వాటా ఉండేది ఈ హక్కువల్లనే. కాని బడిలో చేర్చిన రోజున, అడిగేవారు లేక, మాతృభాష ఎదుట ఆ రాష్ట్రభాష రాయించి వదిలేస్తే, పన్నెండేళ్ళ తరువాత ఆ వాటా అడగడానికి ఆధారమేదీ మిగలదు.

ఇంతకూ ఈ చరిత్ర మనకు చెప్పేదేమిటి? దరఖాస్తు బలం పరీక్ష అయిన తరువాత వచ్చేది కాదు. బడిలో వేసిన రోజునుంచీ ఏడాది వెంట ఏడాది కూడేది. కనుక ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్టు తీసి దాచండి. టి.సి.లో పేరు, పుట్టినతేదీ, మాతృభాష సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఎనిమిదో తరగతి నుండి పిల్లలను ఎల్ల దాటించి చదివించదలిస్తే, రెండు రాష్ట్రాల ప్రవేశ నిబంధనలూ ముందే చదవండి, లేదా చదివినవారి చేత చెప్పించుకోండి. నివాస, కులపత్రాలకు ఫలితాలు వచ్చాక పరుగెత్తకండి. కార్యాలయాల్లో ఆ వారం రద్దీ సంగతి మీకు తెలియనిది కాదు.

మరొక్క మాట. సీటు రాని పిల్లవాడిని పట్టుకొని నీకు తెలివి లేదని అనకండి. అనేక సందర్భాలలో అడ్డం వచ్చినది వాడి తెలివి కాదు, వాడు పుట్టకముందే ఎవరో గీసిన గీత. ఆ గీతను మనం చెరపలేకపోవచ్చు. అది ఎక్కడుందో పిల్లలకు వేళకు చెప్పడం మాత్రం మన చేతిలో పనే.