చెడిపోయిన స్టీమరు, కొట్టుకొచ్చిన పడవ

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. జేకబ్ ఛేంబర్లిన్ అనే అమెరికన్ మిషనరీ మొదట పలమనేరులో, 1863 నుంచి మదనపల్లెలో పనిచేశారు. ఆయన వైద్యుడు కూడా. తెలుగు బాగా నేర్చుకున్నారు. 1908లో చనిపోయేదాకా ఈ ప్రాంతంతో ఆయన బంధం తెగలేదు.

మేము ఎరుకల, యానాది, సుగాలి పిల్లలకు చదువు చెప్పేవాళ్ళం. మతం కోసం ఆయన్ని చదవలేదు. మనలాంటి అడవి జనం మధ్యగా ఆయన చేసిన ప్రయాణం కోసం చదివాం.

1863లో ఆయన కొందరు సహాయకులతో, పుస్తకాలు, మందుల పెట్టె వెంటబెట్టుకుని నిజాం రాజ్యం గుండా గోండుల అడవుల దాకా వెళ్ళారు. మొత్తం దాదాపు 1200 మైళ్ళు. తిరుగు ప్రయాణానికి గోదావరి మీద ప్రభుత్వ స్టీమరు వస్తుందని నమ్మారు. ఆ రోజుల్లో దొరల ప్రభుత్వానికి గోదావరి మీద పెద్ద ఆశ. మధ్య భారతం పత్తిని స్టీమర్లలో సముద్రానికి దించాలని దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ పనులు పెట్టింది. రాతి బండలు, సుడులు లొంగలేదు. ఖర్చు పెరిగింది. 1871లో ఆ పథకాన్నే వదిలేసింది.

ఛేంబర్లిన్ కోసం బయల్దేరిన స్టీమరు కూడా వరదకు ఎదురెక్కలేక యంత్రం చెడి ఆగిపోయింది. ఇక 75 మైళ్ళు అడవిలో నడవాలి. అందరికీ మన్యం జ్వరం. పులుల భయంతో మోతగాళ్ళు వెనకాడితే, అధికారుల హుకుం మీద కదిలించారు. ఈ మాట దగ్గర మేము కాసేపు ఆగాం. ప్రాణభయంతో రామన్నవాళ్ళకు హుకుం ఎదురైంది. వాళ్ళ ఇళ్ళలో ఆ రాత్రి ఎలా గడిచిందో ఏ పుస్తకమూ రాయలేదు.

దారిలో ఇద్దరు వేటగాళ్ళు ఎదురయ్యారు. ముందున్న ఉపనది పొంగింది, దాటలేరు, పడవ లేదు అన్నారు. చీకటి పడుతోంది. ఛేంబర్లిన్ గుర్రం మీదే ప్రార్థన చేశారు. ఎడమకు తిరిగి గోదావరికి వెళ్ళు అని లోపల వినిపించిందట. దారి చూపేవాళ్ళు వద్దన్నా వెళ్ళారు. గట్టున పెద్ద బల్లకట్టు పడవ! ఇద్దరు పడవవాళ్ళు దాన్ని ఒడ్డున చెట్టుకు కట్టి నిలుపుతున్నారు. ఎగువ రేవులో కట్టు తెగి, ఎంత ఆపినా ఆగక కొట్టుకొచ్చిందని చెప్పారు. ఆ రాత్రి అందరూ ఆ పడవలోనే తలదాచుకున్నారు. 1896లో ‘ఇన్ ది టైగర్ జంగిల్’ అనే పుస్తకంలో ఆయన దీన్ని దేవుడి జవాబుగా రాశారు.

అది ఆయన విశ్వాసం, కాదనడానికి మేమెవరం? ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. స్టీమరు రాలేదని ఆయన కూర్చోలేదు. ప్రార్థన చేశారు కదా అని మందుల పెట్టె పారేయనూ లేదు. వేటగాళ్ళూ అబద్ధం చెప్పలేదు. వాళ్ళెరిగినంతలో అక్కడ పడవ లేదు. ఉందంటే, ఆ ఇద్దరు పడవవాళ్ళు వరదలో కొట్టుకుపోతూ కూడా చేతులు వదలకపోవడం వల్లే. ఆవిరి యంత్రం ఓడిన నీటిలో గెడ, తాడు నిలబడ్డాయి.

ఇప్పుడు మా చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. హాజరు ఫోన్లోనే, పాఠమూ ఫోన్లోనే. గట్టెక్కి సిగ్నల్ వెతుక్కునే రోజులూ ఉన్నాయి. ఫోన్ వద్దని మేము అనం. మందు చీటీ మీద ఉన్నదేమిటో తెలుసుకోవడానికి, ఉపకారవేతనం దరఖాస్తుకు అది కావాలి. అయితే చెరువులో నీటి రంగు చూసి చేప జాడ చెప్పే యానాది తాతను అడగడం మానేసి, అదే సంగతి ఫోన్లో వెతికే పిల్లవాణ్ణి చూస్తే భయమేస్తుంది. సిగ్నల్ పోయిన రోజు వాడికి తాత ఉండాలి కదా.

ఈ కథ తరగతిలో చెప్తే పిల్లలు ముందు పులి గురించి అడుగుతారు. ఒక అమ్మాయి మాత్రం, “ఆ పడవవాళ్ళ పేర్లేంటి సార్?” అంది. ఆ కథలో పేర్లు లేవు. అప్పటినుంచి మా పిల్లలు పెద్దవాళ్ళ మాటలు ఫోన్లో రికార్డు చేసేటప్పుడు, నొక్కగానే ముందు వాళ్ళ పేరు, ఊరు చెప్పిస్తున్నాం.