ఆ గంట ఎవరు కొట్టాలి?

చికాగో అనగానే మన తరంవాళ్లకి ముందు గుర్తొచ్చేది వివేకానందస్వామి. 1893లో ఆయన అక్కడ మాట్లాడిన సంగతి చిన్నప్పటి వాచకాల నుంచీ వింటూ పెరిగినవాళ్లం కదా! అందుకే మా అమ్మాయి దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు "ముందు ఆ చోటు చూపించవే" అన్నాను. చూపించింది. దణ్ణం పెట్టుకున్నాను. కానీ ఆ ఊరు నా మనసులో నిలిచిపోయింది మాత్రం ఇంకొక చోటు వల్ల.

సంగతి ఇలా మొదలైంది. ఒకరోజు మా మనవరాలు బడినుంచి వస్తూనే, "అమ్మమ్మా, ఇవాళ మా క్లాసంతా మూడు నిమిషాల్లో బయటికొచ్చేశాం!" అంది గొప్పగా. ఏ పామో వచ్చింది కాబోలని నేను కంగారుపడ్డాను. పిల్ల పకపకా నవ్వింది. ఉత్తుత్తి నిప్పుట. గంట మోగగానే పుస్తకాలూ కోట్లూ ఎక్కడివక్కడ వదిలేసి వరసగా బయటికి పోవాలిట. టీచరు తలలు లెక్కపెట్టుకుంటుందిట. "నిజంగా అంటుకున్నట్టే ఎంత హడావుడమ్మా!" అన్నాను నేను. వంటింట్లోంచి మా అమ్మాయి, "ఈ ఊళ్లో ఒకసారి నిజంగానే అంటుకుందమ్మా" అంది.

1958 డిసెంబరు 1, సోమవారం. చికాగో పడమటి వైపున 'అవర్ లేడీ ఆఫ్ ది ఏంజెల్స్' అనే కాథలిక్ బడి. దేవదూతల తల్లి అని మరియమాతకి పేరు. ఆ పేట నిండా ఇటలీ నుంచీ, ఐర్లండ్ నుంచీ, పోలండ్ నుంచీ వచ్చి స్థిరపడ్డ కష్టజీవుల కుటుంబాలు. పక్కనే చర్చి. పిల్లకి బాప్తిస్మమూ అక్కడే, చదువూ అక్కడే, రేపు పెళ్లీ అక్కడే. తెల్లారి లేచి పనికిపోయే తల్లిదండ్రులు, సిస్టర్ల చేతిలో పెట్టాక ఇక పిల్లల గురించి బెంగెందుకు అనుకునేవారు. మన ఊళ్లలో మాత్రం ఎంతమందిమి అలా అనుకుని పిల్లల్ని కాన్వెంటుకి పంపలేదు?

బయటికి ఇటుక గోడల కట్టడం. లోపల మెట్లు చెక్కవి, నేల చెక్కది, దానిమీద ఏళ్ల తరబడి పూసిన మెరుగునూనె. మధ్యాహ్నం రెండు దాటాక, నేలమాళిగలో మెట్ల అడుగున అట్టపీపాలో పోసిన చెత్త అంటుకుంది. కాసేపటిదాకా ఎవరూ చూడలేదు. కింది అంతస్తులో మెట్ల దగ్గర తలుపు ఉంది. మేడమీద లేదు. అందుకని మంటా పొగా కింది గదుల్ని వదిలేసి, పొగగొట్టంలోంచి పోయినట్టు తిన్నగా పైకి పోయాయి. ఆ వైపు మేడమీది గదుల్లో మూడువందలమందికి పైగా పిల్లలున్నారు. బడి వదిలేది మూడుగంటలకి. ఫైరింజన్లకి కబురు అందింది రెండు గంటల నలభైరెండు నిమిషాలకి. ఇంటిగంటకి ఇంకా పద్దెనిమిది నిమిషాలే!

నన్ను ఎక్కువ బాధపెట్టింది గంట సంగతి. ఆ బడిలో గంట కొట్టి పిల్లల్ని బయటికి పంపాలంటే పెద్ద సిస్టరు అనుమతి కావాలి. అదీ కట్టుబాటు. పొగ ముందుగా పసికట్టాక ఆమెకోసం ఆఫీసుగదికి పరుగెత్తి చూశారు. గది ఖాళీ. ఆ రోజు ఒక సిస్టరుకి ఒంట్లో బాగాలేక, ఆమె బదులు పెద్ద సిస్టరే ఇంకో తరగతిలో పాఠం చెబుతోంది. ఒక టీచరమ్మ తన పిల్లల్ని తనే చర్చిలోకి చేర్చి, మళ్లీ వెనక్కి పరుగెత్తి గంట లాగింది. అప్పటికే మేడమీద వసారా పొగతో నిండిపోయింది. ఆ గంటైనా బడిలోపల మోగేదే తప్ప అగ్నిమాపక కేంద్రానికి వినపడేది కాదు. సందులో మిఠాయి దుకాణం ఆవిడ కూడా మంట చూసి ఫోను చేసింది. మొదటి కబురులో పక్కవీధిలో ఉన్న ఫాదర్ల ఇంటి చిరునామా చెప్పడంతో ఇంజన్లు ముందు అటు పోయాయి. అలా మరికొన్ని నిమిషాలు!

కిటికీలు నేలకి పాతిక అడుగుల ఎత్తున ఉన్నాయి. పిల్లలు అక్కణ్ణించి దూకారు. కింద తండ్రులూ, ఇరుగుపొరుగూ నిచ్చెనలు వేశారు. కొన్ని నిచ్చెనలు అందనే లేదు.

ఆ గదుల్లో సిస్టర్లు పిల్లల్ని వదిలిపెట్టి పోలేదు. ఒక గదిలో సిస్టరు పెద్దపెద్ద పుస్తకాలు తెప్పించి తలుపుసందుల్లో కుక్కించి పొగని ఆపింది. ఆమె తరగతిలో దాదాపు అందరూ బతికారు. ఇంకొకామె పిల్లల్ని మెట్లమీదుగా దొర్లించి కిందకి తోసింది. మరో గదిలో దారి తోచక, సహాయం వచ్చేదాకా జపం చేయమని పిల్లలకి చెప్పారట. ఈ మాట చదివి, "ప్రార్థన చేస్తే నిప్పు ఆరుతుందా?" అని ఎవరైనా అంటే నాకు నచ్చదు. తలుపులేని మెట్లు ఆమె కట్టించినవి కావు. చేతిలో మిగిలింది పిల్లలకి ఇచ్చింది. ముగ్గురు సిస్టర్లు తమ పిల్లలతోనే పోయారు. పిల్లలు తొంభైఇద్దరు. కొందరు ఆసుపత్రిలో నెలల తరబడి పోరాడి పోయారు. చివరి బిడ్డ పోయింది మరుసటి సంవత్సరం ఆగస్టులో.

మా అమ్మాయి చెప్పిన ఇంకో మాట విని నేను చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. అంతకు రెండు నెలల కిందటే, అక్టోబరులో, ఆ బడిని అధికారులు తనిఖీ చేసి బాగానే ఉందన్నారు! ఎలాగంటారా? 1949లో కొత్త కట్టడాలకి కొత్త నిబంధనలు వచ్చాయి. పాతవాటికి అవి వర్తించవు. పిల్లలు మాత్రం కొత్తవాళ్లే కదా! పోనీ, అది నిప్పు సంగతి ఎరగని ఊరా అంటే, 1871లో ఊళ్లో పెద్దభాగం తగలబడింది. 1903లో ఇరోక్వా నాటకశాలలో తలుపులు తెరుచుకోక ఆరువందలమంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది సెలవుల్లో నాటకం చూడవచ్చిన తల్లులూ పిల్లలే. తెలియక జరిగింది కాదు, తెలిసినదాన్ని పక్కన పెట్టడంవల్ల జరిగింది.

నిప్పు ఎలా పుట్టిందో అధికారికంగా ఈనాటికీ తేలలేదు. కొన్నేళ్ల తరువాత ఒక కుర్రవాడు తానే అంటించానని చెప్పి, మళ్లీ కాదన్నాడు. న్యాయమూర్తి అతనిమీద ఆ నేరం నిలపలేదు.

ఆ ఆదివారం మా అమ్మాయి హిల్‌సైడ్ అనే చోట ఉన్న 'క్వీన్ ఆఫ్ హెవెన్' సమాధుల తోటకి తీసుకెళ్లింది. అక్కడ ఆ పిల్లలలో కొంతమందిని ఒకేచోట పడుకోబెట్టారు. స్మారకంమీద వరసగా పేర్లు. ఎవరో చిన్న బొమ్మ పెట్టి పోయారు. ఆ పేరుగల బిడ్డ బతికి ఉంటే ఈపాటికి నా ఈడుదై, మనవల్ని బడికి పంపుతూ ఉండేది. నేను కాథలిక్కుని కాను. అయినా చెప్పులు విప్పి నిలబడ్డాను.

బతికినవాళ్లు చాలా ఏళ్లు నోరు విప్పలేదట. మరిచిపొమ్మన్నారు, దేవుడి చిత్తమన్నారు, కొద్దివారాల్లోనే వేరే బడుల్లో కూర్చోబెట్టారు. 1960లో అదే చోట కొత్త బడి లేచింది. కానీ పోయిన పిల్లలకి గుర్తుగా అక్కడ చాలాకాలం ఏమీ పెట్టలేదు. దుఃఖం కదిలించకూడదని అనుకున్నారు కాబోలు. మనమూ అంతే కదా! ఇంట్లో బిడ్డ పోతే ఫోటో పెట్టెలో అడుక్కి తోసేసి, తల్లి ఎదుట ఆ పేరు ఎత్తద్దంటాం. ఆ తల్లి మాత్రం రోజూ ఆ పేరుతోనే లేస్తుంది.

మరి ఆ పిల్లల్ని ఎవరు గుర్తుపెట్టుకున్నట్టు? చికాగో నగరం మరుసటి ఏడాదే పాత బడులకి కూడా కొత్త నిబంధనలు పెట్టింది. దేశమంతటా వేల బడులు మెట్ల దగ్గర తలుపులు అమర్చుకున్నాయి, గంటల్ని ఫైర్ స్టేషన్లకి కలుపుకున్నాయి. మా మనవరాలు మూడు నిమిషాల్లో బయటికొచ్చి నవ్విందే, అదీ ఒక జ్ఞాపకార్థమే. పూలగుచ్ఛం పోయినవాళ్లకి, తలుపు రాబోయేవాళ్లకి. రెండూ కావాలి.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. 2004 జులై 16న మన పక్కనే కుంభకోణంలో, మధ్యాహ్న భోజనం వండే పాకలో లేచిన నిప్పు బడి పాకకప్పుకి పాకి తొంభైనలుగురు పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. 2009లో సుప్రీంకోర్టు, చదువుకునే హక్కులో క్షేమంగా ఉండే బడి కూడా భాగమేనని తీర్పు చెప్పింది. తీర్పు కాగితంమీద ఉంటుంది. మెట్లు మన కళ్లెదుట ఉంటాయి.

చిన్నప్పుడు నేనూ కాన్వెంటులోనే చదివాను. వసారాలో ఇత్తడి గంట వేలాడేది. మదరమ్మ తప్ప ఇంకెవరు ముట్టుకున్నా బెత్తం విరిగేది. ఆవిడంటే ఇప్పటికీ నాకు ప్రాణం. జ్వరమొస్తే ఎత్తుకుని ఇంటికి దింపిన చేతులవి. కానీ ఆ మేడమెట్లు ఒక్కటే, అవీ చెక్కవే అన్నది ఇన్నేళ్లకి, ఆ సమాధుల తోటలో నిలబడ్డాకే నాకు తట్టింది.

ఇంటికి తిరిగొచ్చిన వారానికి మా అబ్బాయి కొడుకుని బడినుంచి తీసుకురావడానికి వెళ్లాను. మేడమెట్ల దగ్గర ఇనపగేటు, దానికి తాళం. పిల్లలు మధ్యలో పారిపోకుండానట. "బాబూ, తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?" అని అడిగాను. ఆయా ఆఫీసు గుమస్తా అంది. గుమస్తా వాచ్‌మన్ అన్నాడు. వాచ్‌మన్ టీ తాగడానికి వెళ్లాడు.

నేను అక్కడే బల్లమీద కూర్చున్నాను. అతను వచ్చేదాకా, ప్రిన్సిపాలు బయటికొచ్చి నాతో మాట్లాడేదాకా లేవలేదు. మా వాడికి సిగ్గేసింది. "ఇంక పద నానమ్మా" అని కొంగు లాగాడు. మర్నాటినుంచీ బడి వేళల్లో ఆ గేటుకి తాళం వెయ్యడం మానేశారు. అప్పటినుంచీ వారానికోసారి వెళ్లి చూసి వస్తున్నాను. మీరూ ఒకసారి వెళ్లి చూడకూడదూ?