హిజ్కియా

హిజ్కియా యెరూషలేము రాజధానిగా యూదా రాజ్యాన్ని ఏలిన దావీదు వంశపు రాజు. ఇతని కాలం క్రీ.పూ. 8వ శతాబ్దపు చివరి భాగం, 7వ శతాబ్దపు తొలి సంవత్సరాలు. 25 ఏళ్ల వయసులో గద్దెనెక్కి 29 ఏళ్లు పాలించాడని బైబిలు చెబుతుంది. ఇతని చరిత్ర రాజుల రెండవ గ్రంథం (18–20), దినవృత్తాంతముల రెండవ గ్రంథం (29–32), యెషయా (36–39) గ్రంథాలలో ఉంది. కష్టంలో దేవుణ్ణి ఆశ్రయించడం, మేలు పొందాక గర్వించడం, తిరిగి తన్ను తాను తగ్గించుకోవడం ఒకే జీవితంలో కనిపించడం వల్ల ఇతని కథకు క్రైస్తవ, యూదు బోధలో ప్రత్యేక స్థానం ఉంది.

నేపథ్యం, సంస్కరణలు

హిజ్కియా తండ్రి ఆహాజు. అతడు అష్షూరు సామ్రాజ్యానికి కప్పం కట్టాడు, యెరూషలేములోని దేవుని మందిరపు తలుపులు మూయించాడు. హిజ్కియా తన ఏలుబడి మొదటి నెలలోనే ఆ తలుపులు తెరిపించి, లేవీయుల చేత మందిరాన్ని శుద్ధి చేయించాడు. ఉన్నత స్థలాలు అనే కొండలపై పూజాస్థలాలను తొలగించాడు. మోషే చేయించిన ఇత్తడి సర్పానికి ప్రజలు ధూపం వేస్తుండడంతో దానినీ పగలగొట్టించాడు. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యపు రాజధాని షోమ్రోను అష్షూరీయుల వశమైంది. ఉత్తరాదిలో మిగిలిన వారిని కూడా పస్కా పండుగకు రమ్మని హిజ్కియా వర్తమానం పంపాడు. కొందరు ఎగతాళి చేశారు, కొందరు వచ్చారు.

అష్షూరు దండయాత్ర

హిజ్కియా అష్షూరుపై తిరుగుబాటు చేయగా, క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీదికి వచ్చి ప్రాకారాలున్న పట్టణాలను పట్టుకున్నాడు. హిజ్కియా మొదట 300 తలాంతుల వెండి, 30 తలాంతుల బంగారం చెల్లించి గండం తప్పించుకోవాలని చూశాడు. అందుకోసం మందిరపు తలుపుల బంగారాన్ని కూడా ఒలిపించాడు. అయినా దండయాత్ర ఆగలేదు, యెరూషలేముకు ముట్టడి ముప్పు వచ్చింది. అష్షూరు దూత రబ్షాకే యెరూషలేము గోడ మీదున్న వారందరికీ వినబడేలా యూదుల భాషలోనే మాట్లాడి, ఏ దేవుడూ తమ చేతిలోనుండి ఎవరినీ విడిపించలేదని సవాలు చేశాడు.

తరువాత వచ్చిన బెదిరింపు ఉత్తరాన్ని హిజ్కియా మందిరంలో దేవుని ఎదుట విప్పి పరచి ప్రార్థించాడు. శత్రువు చేసిన విధ్వంసం నిజమేనని ఆ ప్రార్థనలో ఒప్పుకున్నాడు. ఆ నిజాన్ని దాచకుండానే రక్షణ కోరాడు. పట్టణం పడదని యెషయా ప్రవక్త చెప్పాడు. ఆ రాత్రి అష్షూరు దండులో 1,85,000 మంది చనిపోయారని, సన్హెరీబు తన రాజధాని నీనెవెకు తిరిగి వెళ్లాడని బైబిలు కథనం.

వ్యాధి, గర్వం

హిజ్కియాకు మరణకరమైన జబ్బు చేసినప్పుడు అతడు గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. మరో 15 ఏళ్ల ఆయుష్షు లభిస్తుందని యెషయా ద్వారా జవాబు వచ్చింది. కురుపు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయగా బాగుపడ్డాడు. కోలుకున్నాక బబులోను రాజు మెరోదక్బలదాను దూతలు పరామర్శకు వచ్చారు. హిజ్కియా వారికి తన వెండి బంగారాలను, సుగంధ ద్రవ్యాలను, ఆయుధశాలను ఏదీ దాచకుండా చూపించాడు. ఆ సంపదంతా ఒకనాడు బబులోనుకు తరలిపోతుందని యెషయా హెచ్చరించాడు. బైబిలులో ఈ సంఘటన ముట్టడి తరువాత కనిపించినా, వాస్తవంలో అంతకు ముందే జరిగిందని చాలామంది పండితుల అభిప్రాయం.

దినవృత్తాంతాల రచయిత దూతలకు సంపద చూపడాన్ని రాజనీతిలోని పొరపాటుగా చూడలేదు. పొందిన మేలుకు తగినట్టు నడుచుకోక హిజ్కియా మనసున గర్వించాడని, దేవుడు అతని హృదయాన్ని పరీక్షించాడని రాశాడు.

పశ్చాత్తాపం

హిజ్కియా, యెరూషలేము ప్రజలు తమను తగ్గించుకొన్నందున అతని దినాలలో దేవుని కోపం వారి మీదికి రాలేదని దినవృత్తాంతముల రెండవ గ్రంథం చెబుతుంది. ఒక శతాబ్దం తరువాత యిర్మీయా ప్రవక్తను చంపాలని కొందరు పట్టుబట్టినప్పుడు, పెద్దలు హిజ్కియానే ఉదాహరణగా చూపారు. మీకా ప్రవక్త నాశనాన్ని ప్రకటిస్తే హిజ్కియా అతణ్ణి చంపలేదని, దేవుని దయను వేడుకున్నాడని గుర్తుచేశారు. అయితే పశ్చాత్తాపం తీర్పును వాయిదా వేసిందే గాని రద్దు చేయలేదు. క్రీ.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేమును నాశనం చేసింది.

పురావస్తు ఆధారాలు

యూదాలో 46 పట్టణాలను పట్టుకుని హిజ్కియాను యెరూషలేములో నిర్బంధించానని సన్హెరీబు తన శాసనాల్లో చెప్పుకున్నాడు. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం ఎక్కడా రాయించలేదు. యూదా పట్టణమైన లాకీషు ముట్టడిని చూపే నీనెవె శిల్పాలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. గిహోను ఊట నీటిని సిలోయము కోనేటికి చేర్చే, సుమారు 533 మీటర్ల సొరంగాన్ని సాధారణంగా హిజ్కియా పనిగా భావిస్తారు. రెండు వైపుల నుంచి తవ్విన పనివాళ్లు మధ్యలో కలుసుకున్న తీరును వర్ణించే శాసనం అందులో 1880లో బయటపడింది. అది ఇప్పుడు ఇస్తాంబుల్‌లో ఉంది. హిజ్కియా పేరున్న మట్టి ముద్ర ఒకటి యెరూషలేము తవ్వకాల్లో దొరికినట్టు 2015లో ప్రకటించారు.

ప్రాముఖ్యం

దేవుని మీద నమ్మకంలో యూదా రాజుల్లో ఇతనికి సాటి లేరని రాజుల గ్రంథం మెచ్చుకుంది. అలాంటి రాజు తప్పునూ బైబిలు దాచలేదు. శత్రువు గుమ్మం ముందున్నప్పుడు నిలిచిన విశ్వాసం, అతిథులు పరామర్శకు వచ్చినప్పుడు తడబడింది. కాబట్టి కష్టకాలంలో ఎంత మెలకువ అవసరమో సుఖకాలంలోనూ అంతే అవసరమని ఈ చరిత్ర బోధిస్తుంది. మత్తయి సువార్తలోని యేసు వంశావళిలో హిజ్కియా పేరు ఉంది.