రహీం తరువాత ఎవరు? హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో శిక్షకుని ఎంపిక: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: జట్టుకు తదుపరి శిక్షకుడు ఎవరు కావాలన్న ప్రశ్నను ఫుట్‌బాల్ అభిమాని సాధారణంగా వ్యక్తుల మధ్య పోలికగా చూస్తాడు. హైదరాబాద్ నగరం ఈ ప్రశ్నను 1950లో, 1963లో, 2019–20లో ఎదుర్కొంది. ఈ మూడు సందర్భాలను పక్కపక్కన ఉంచి చూస్తే, నగరానికి కొరవడింది తగిన అభ్యర్థులు కాదని, వారిని కూర్చోబెట్టగల పీఠమూ, ఆ పీఠానికి ఆధారమైన స్థానిక క్రీడావ్యవస్థా అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ సిటీ పోలీస్, రోవర్స్ కప్పు, హైదరాబాద్ ఎఫ్‌సీ, శిక్షకుని ఎంపిక.

అభిమాని త్రాసు

శిక్షకుణ్ణి తూచే అభిమాని త్రాసులో మూడు రాళ్లు ఉంటాయి. మొదటిది గతంలో గెలిచిన కప్పులు. రెండవది ఆటను చూసే తీరు, అంటే దాడికి ప్రాధాన్యమిస్తాడా, రక్షణకా అన్నది. మూడవది కుర్రాళ్లను తీర్చిదిద్దే ఓపిక. అభిమాని మాటల్లో మూడింటికీ సమాన గౌరవం ఉన్నట్టు వినిపిస్తుంది గానీ, కొత్త పేరు చెవిన పడగానే మొదటి రాయే బరువు తూగుతుంది. ఎక్కడ పనిచేశాడు, ఏమి గెలిచాడు అన్నవే తొలి ప్రశ్నలు. ఈ కొలమానంతో హైదరాబాద్ చరిత్రను చదివితే ఒక చిక్కు ఎదురవుతుంది. ఈ నగరానికి అత్యధిక కీర్తి తెచ్చిన ఇద్దరు శిక్షకులూ నియామకం నాటికి ఆ తొలి పరీక్షలో నెగ్గగలిగినవారు కారు.

1950: బడిపంతులు చేతికి జట్టు

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, నగరంలోని పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యతను చేపట్టేనాటికి ఆయనకు బడిలో, సంఘంలో మంచి పేరుంది. మేటి ఆటగాడిగా దేశవ్యాప్త ఖ్యాతి మాత్రం లేదు. అంతకుముందు ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినవాడు నార్బర్ట్ ఆండ్రూ ఫ్రువాల్. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో విలీనమై అప్పటికి రెండేళ్లే. కలకత్తా మైదానాలను కేంద్రంగా చేసుకున్న భారత ఫుట్‌బాల్‌కు దక్కన్ నుంచి ఒక పోలీసు జట్టు సవాలు విసురుతుందని ఊహించడానికి కారణాలు తక్కువ.

1950 నుంచి 1954 వరకు ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును వరుసగా ఐదుసార్లు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. రహీం కాలంలో మొత్తం నాలుగు డ్యూరాండ్ కప్పులు హైదరాబాద్‌కు చేరాయి. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956–57లో, 1957–58లో వెంటవెంటనే గెలుచుకుంది.

ఈ విజయాలకు మూలం రహీం శిక్షణ పద్ధతి. ఆయన కుర్రాళ్లకు వింత నిబంధనలతో పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం, బంతి అందగానే తోటివానికి పంపవలసిందే. మరొక పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. బంతిని కాలికి అంటిపెట్టుకొని ఒంటరిగా పరుగెత్తడమే గొప్ప నైపుణ్యమనుకొనే రోజుల్లో ఇది సాహసమే. తరగతి గదిలో పద్యానికి ప్రతిపదార్థం చెప్పించే ఉపాధ్యాయుని పద్ధతికీ దీనికీ పోలిక ఉంది. మొత్తాన్ని విడదీసి, ఒక్కొక్క భాగాన్నీ విడిగా సాధన చేయించి, చివరికి అన్వయం కుదర్చడం. సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి దించి ఆడించడం, తరువాత నలుగురు రక్షకులతో కూడిన వ్యూహాన్ని అనుసరించడం ఈ పునాది మీదనే సాధ్యమయ్యాయి.

తులసీదాస్ బలరాం ఉదాహరణ ఇక్కడ ప్రస్తావించదగినది. సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడ నుంచి హైదరాబాద్‌కు శిక్షణ కోసం రావడానికి ఆ పేద కుర్రవాడికి స్తోమత లేకపోతే, రహీం సైకిలు అద్దెకు డబ్బు ఇచ్చి రప్పించాడని బలరామే పలుమార్లు చెప్పుకున్నాడు. ఆ కుర్రవాడు 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆడాడు. ఒక క్లబ్బు శిక్షకుడు చేయవలసిన పని జాబితాలో సైకిలు అద్దె ఉండదు. కాని రహీం ఒకే సమయంలో ఉపాధ్యాయుడు, సంఘ కార్యదర్శి, పోలీసు జట్టు శిక్షకుడు, ఆపైన జాతీయ జట్టు శిక్షకుడు. బడిలో కనిపెట్టిన కుర్రవాణ్ణి సంఘం పోటీల్లో ఆడించి, పోలీసు జట్టులో ఉద్యోగం చూపించి, జాతీయ జట్టు దాకా నడిపించే దారి మొత్తం ఆయన చేతిలోనే ఉండేది. ఆయన బలం అదే. తరువాత బయటపడిన బలహీనత కూడా అదే.

ఓటమిని భరించిన వ్యవస్థ

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో రహీం శిక్షణలోని భారత జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిపోయింది. మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే బరిలోకి దిగారు. ఈనాటి అభిమాని అయితే ఆ రాత్రే శిక్షకుని రాజీనామా కోరి ఉండేవాడు! రహీంకు మాత్రం మరో అవకాశం దక్కింది. 1956లో మెల్‌బోర్న్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్‌తో భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, నాలుగో స్థానంలో నిలిచింది. హెల్సింకిలో దెబ్బతిన్న మనిషికే మెల్‌బోర్న్ బాధ్యత అప్పగించడం సమకాలీన నియామక పద్ధతులకు అలవాటుపడిన పాఠకునికి అసాధారణంగా తోస్తుంది.

1962 జకార్తా ఆసియా క్రీడలు రహీం చివరి పరీక్ష. అప్పటికే ఆయన క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు. తలకు గాయమై కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను పక్కన కూర్చోబెట్టకుండా, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. ఫైనల్లో దక్షిణ కొరియాపై పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ మరొక గోలు చేయగా భారత్ 2–1తో గెలిచింది. ఫుట్‌బాల్‌లో భారత్ గెలిచిన చివరి ఆసియా క్రీడల స్వర్ణం అదే. 1963 జూన్ 11న రహీం మరణించాడు.

1963: సమాధానం దొరకని ప్రశ్న

‘రహీం తరువాత ఎవరు?’ అన్న ప్రశ్నకు జాతీయ స్థాయిలో ఒక సమాధానం త్వరగానే దొరికింది. 1964 ఆసియా కప్పుకు ఆంగ్లేయుడు హ్యారీ రైట్ శిక్షకుడయ్యాడు, భారత్ రెండో స్థానం పొందింది. నగరం విషయం వేరు. ఆంధ్రప్రదేశ్ 1965–66 సంతోష్ ట్రోఫీ గెలిచింది కనుక పతనం వెంటనే కంటికి ఆనలేదు. రహీం తీర్చిన కుర్రాళ్లు ఇంకా మైదానంలో ఉన్నారు. నాటిన చెట్లు కాపు ఇస్తూనే ఉండగా, కొత్త మొక్కలు పెట్టే చేయి ఆగిపోయిందని గమనించడం కష్టం.

నగరం శిక్షకులను పుట్టించలేకపోయిందా? చరిత్ర అందుకు విరుద్ధంగా ఉంది. 1966లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిన సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు నాయకుడు. తరువాత జాతీయ జట్టుకూ, కలకత్తా పెద్ద క్లబ్బులకూ శిక్షకుడై, అర్జున, ద్రోణాచార్య పురస్కారాలు రెండూ పొందాడు. ఆయన సహచరుడు మహమ్మద్ హబీబ్ టాటా ఫుట్‌బాల్ అకాడమీలో కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చాడు. షబ్బీర్ అలీ గోవాలో సాల్గావ్‌కర్ క్లబ్బును 1998–99 జాతీయ లీగ్ విజేతగా నిలిపాడు. రహీం కుమారుడు ఎస్.ఎస్. హకీం శిక్షణలో మహీంద్రా జట్టు 1998లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. నలుగురూ హైదరాబాద్ బిడ్డలే. నలుగురి శిక్షణా ఫలించిన చోట్లు కలకత్తా, జంషెడ్‌పూర్, గోవా, బొంబాయి.

అభిమాని త్రాసులో ఏ రాయి వేసి తూచినా ఈ నలుగురూ తూగేవారే. వారిని తూచి నియమించుకోగల క్లబ్బే నగరంలో మిగలలేదు. రహీం కాలపు హైదరాబాద్ ఫుట్‌బాల్ ఒక పోలీసు శాఖ ఆదరణ మీద, ఒక వ్యక్తి మోసిన నాలుగు పదవుల మీద నిలిచింది. ఆ వ్యక్తి పోయిన తరువాత నాలుగు పదవులూ నాలుగు వేర్వేరు దారులు పట్టాయి. బలరాం రహీం జీవించి ఉండగానే, 1957లో, కలకత్తా చేరాడన్నది కూడా మరువరాదు. శాఖ ఇచ్చే చిరుద్యోగం కంటే కలకత్తా ఇచ్చే అవకాశం పెద్దదన్న లెక్క అప్పటికే మొదలైంది. రహీం స్మృతిని ఆరాధించే రచనల్లో ఈ విషయానికి చోటు తక్కువ. ఆయన పద్ధతి గొప్పది గాని, అది సంస్థగా మారలేదు.

గచ్చిబౌలి: పీఠం వచ్చింది

2019లో పుణె సిటీ క్లబ్బు మూతపడిన చోట హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్‌లోకి ప్రవేశించింది. గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడాప్రాంగణం దానికి సొంత మైదానమైంది. చాలా కాలం తరువాత నగర అభిమానికి ‘మన తదుపరి మేనేజర్ ఎవరు?’ అని వాదించుకొనే అవకాశం కలిగింది.

తొలి సమాధానం ఫిల్ బ్రౌన్. 2008లో హల్ సిటీని ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌కు చేర్చినవాడు, అంతకుముందు సీజన్‌లో పుణెలో పనిచేసి భారత పరిస్థితులు ఎరిగినవాడు. అభిమాని మొదటి రాయికి ఇంతకంటే తూగే పేరు అరుదు. జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. 2020 జనవరిలో, సీజన్ పూర్తి కాకుండానే, బ్రౌన్ నిష్క్రమించాడు. తరువాత ఎంపికైన ఆల్బర్ట్ రోకా ఆ ఏడాది ఆగస్టులో బార్సిలోనా పిలుపు అందుకొని వెళ్లిపోయాడు. సీజన్ ముంగిట హడావిడిగా వచ్చినవాడు మనోలో మార్క్వెజ్. స్పెయిన్‌లో లాస్ పల్మాస్‌కు 2017లో కొద్ది వారాలు పనిచేసి తప్పుకున్న చరిత్ర ఆయనది. బ్రౌన్‌తో కాగితం మీద పోలిస్తే మార్క్వెజ్ తేలిపోయే అభ్యర్థి.

2022 మార్చి 20న ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1–1తో ముగిసి పెనాల్టీలకు వెళ్లింది. గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. హైదరాబాద్ 3–1తో విజేత అయింది. ఆ సీజన్‌లో ఓగ్‌బెచే 18 గోల్స్ చేశాడన్నది నిజమే గాని, మార్క్వెజ్ పేరు నిలబెట్టింది ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి యువకులపై ఆయన ఉంచిన నమ్మకం. అభిమాని చివర వేసే మూడవ రాయి ఇక్కడ ఫలితాన్ని నిర్ణయించింది. రహీంతో పోలిక ఇంతవరకే. మిశ్రా ఉత్తరప్రదేశ్ నుంచి, రాయ్ సిక్కిం నుంచి వచ్చారు. అమ్ముగూడ వంటి ఊరి నుంచి సైకిలు మీద వచ్చిన కుర్రవాడు ఆ విజయానికి ఆధారస్తంభంగా లేడు. 1963లో కుర్రాళ్లున్నా పీఠం కరువైంది. 2022లో పీఠం ఉంది, దాని కింద నగరం లేదు.

2023లో మార్క్వెజ్ గోవాకు వెళ్లాక జరిగినది క్లుప్తంగా చెప్పవచ్చు. ఐర్లండ్‌కు చెందిన కానర్ నెస్టర్ వచ్చి ఆ ఏడాది చివరికే తప్పుకున్నాడు. ఆర్థిక ఇబ్బందులు, ఆటగాళ్ల నమోదుపై నిషేధం, పేరున్న ఆటగాళ్ల నిష్క్రమణల మధ్య తంగ్‌బోయ్ సింగ్తో కుర్రాళ్లతోనే జట్టును నడిపాడు. జట్టు 2023–24 పట్టికలో చివరి స్థానంలో నిలిచింది. అటువంటి స్థితిలో తదుపరి శిక్షకుని గురించి అభిమానులు జరిపే తర్కం, ఇల్లు కూలుతుండగా వాకిట ముగ్గు ఎవరు వేయాలన్న వాదన వంటిది.

2025లో భారత జాతీయ జట్టు శిక్షక పదవికి 170 దరఖాస్తులు వచ్చాయి. వాటిలో నుంచి ఖాలిద్ జమీల్, స్టీఫెన్ కాన్‌స్టాంటైన్, స్టెఫాన్ టార్కోవిచ్ తుది జాబితాకు చేరగా, జమీల్ నియమితుడయ్యాడు. ఆయన ఎవరి స్థానంలో వచ్చాడో గమనార్హం. హైదరాబాద్‌కు కప్పు తెచ్చిన మార్క్వెజ్ స్థానంలోనే. రహీం కూడా హైదరాబాద్ నుంచే జాతీయ పదవికి వెళ్లాడు గాని, నగరాన్ని విడిచి కాదు.

రహీం జీవితం ఆధారంగా హిందీలో తీసిన ‘మైదాన్’ చిత్రం 2024 ఏప్రిల్‌లో విడుదలైంది. అదే నెలలో హైదరాబాద్ ఎఫ్‌సీ అట్టడుగు స్థానంతో ఆ సీజన్‌ను ముగించింది. మరుసటి ఏడాది క్లబ్బు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. తదుపరి మేనేజర్ ఎవరన్న ప్రశ్న ఇప్పుడు ఢిల్లీ అభిమానులది.