షెడ్డులో తాతగారి కారు

పెద్దవాళ్ళు పోయాక పంపకాలకు కూర్చున్నప్పుడు మన ఇళ్ళల్లో ఒక్కొక్క వస్తువుకూ ఒక్కొక్క లెక్క ఉంటుంది. బంగారాన్ని తూకం వేస్తారు. పొలాన్ని ఎకరాలూ సెంట్లూ చేస్తారు. ఇత్తడి గుండిగలూ గంగాళాలూ వరసగా పెట్టి "ఇది పెద్దకోడలికి, అది చిన్నకోడలికి" అంటారు. ఏ లెక్కకూ రానిది ఒక్కటే. పెరట్లో రేకుల షెడ్డు కింద, టైర్లలో గాలి పోయి, అద్దం మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము పట్టి కూర్చున్న కారు! అమ్ముదామంటే "నాన్నగారి కారు అమ్మేస్తారా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది ఆడపడుచు. "పోనీ నువ్వే తీసుకెళ్ళమ్మా" అంటే "మా ఇంట్లో చోటెక్కడుంది వదినా?" అనేదీ ఆవిడే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పాత వీధుల్లో కాస్త తలుపు సందుల్లోంచి తొంగిచూడండి. ఇలాంటి అంబాసిడరో, ఫియట్టో ఒకటి కనబడకపోదు. బాగుచేయించడమా, వదిలించుకోవడమా అని ఆ ఇంట్లో ప్రతి సంక్రాంతికీ ఒక చర్చ జరుగుతుంది. కనుమనాటికి చల్లారిపోతుంది. కారు మాత్రం అక్కడే ఉంటుంది.

ఇది మెకానిక్ ఒక్కడే తేల్చే విషయమైతే ఏనాడో తేలిపోయేది. దీని వెనక కొంచెం చరిత్ర కూడా ఉంది.

మన దేశంలో కార్ల కథ ముగ్గురితో మొదలైందనుకోవచ్చు. 1942లో బిర్లాల హిందుస్థాన్ మోటార్స్, 1944లో వాల్‌చంద్ హీరాచంద్ గారి ప్రీమియర్ కంపెనీ, 1948లో మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ వెలిశాయి. విదేశీ భాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మితే చాలదు, ఇక్కడే తయారుచేయాలి అని 1953లో టారిఫ్ కమిషన్ చెప్పింది. దాంతో ఫోర్డు, జనరల్ మోటార్స్ వాళ్ళు సామాను సర్దుకున్నారు. 1957లో అంబాసిడర్ వచ్చింది. ఆ తర్వాత పాతికేళ్ళపాటు మధ్యతరగతివాడు కారంటే అంబాసిడరో, ఫియట్టో, స్టాండర్డ్ హెరాల్డో అనే అనుకోవాలి. నాలుగో మాట లేదు.

ఆ మూడూ కూడా కావాలంటే దొరికేవా? డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అమ్మాయి పెళ్ళికి అక్కరకొస్తుందనుకున్న కారు మనవడి బారసాలకు వచ్చేది. అందుకే నాలుగేళ్ళు తిరిగిన కారుకు కూడా కొత్తదానంత ధర పలికేది. ఆ రోజుల్లో "ఇది బాగుచేయించడానికి తగునా?" అనే ప్రశ్నే పుట్టలేదు. బాగుచేయించక ఏం చేస్తారు? ఇంజను బోరింగ్ చేయించేవారు, రంగు వేయించేవారు, సీట్లకు కొత్త రెగ్జిన్ కుట్టించేవారు. పాత పట్టుచీర అంచు తీసి కొత్త చీరకు వేసుకున్నట్టే.

ఫియట్ పేరు 1970ల నడుమ ప్రీమియర్ పద్మినిగా మారింది. చిత్తోడ్ రాణి పద్మిని పేరట అది. మన చిత్తూరుకూ ఆ రాజస్థాన్ చిత్తోడ్‌కూ పేరు పోలిక తప్ప చుట్టరికం లేదుగానీ, ఈ సీమలో ఆ కారును ఆడపిల్లలాగే చూసుకున్నవాళ్ళున్నారు.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. పుంగనూరుకు రైలు లేదు. మదనపల్లె రోడ్ స్టేషనేమో ఊరికి దూరంగా ఉంది. కుప్పం వారికి మాత్రం బెంగుళూరు, జోలార్‌పేట లైను ఊళ్ళోనే ఉంది. అర్ధరాత్రి నొప్పులొచ్చిన పిల్లను ఆసుపత్రికి చేర్చాలన్నా, పెద్దాయన్ను వేలూరు తీసుకెళ్ళాలన్నా వీధిలో కారున్న ఇంటి తలుపే తట్టేవారు. పెళ్ళికొడుకు ఊరేగింపుకూ అదే, తిరుపతి మొక్కుకూ అదే. పేరుకు ఒక ఇంటి కారు, నిజానికి వీధి కారు. అందులో పుట్టింటికి వెళ్ళిన కోడళ్ళూ, పురుడు పోసుకోవడానికి వెళ్ళిన కూతుళ్ళూ ఎందరో. ఆ కారును చూస్తే అత్తగారి గొంతు వణికిందంటే ఇనుము మీద మోజు కాదమ్మా అది.

1983 డిసెంబరు 14న కథ మలుపు తిరిగింది. ఆ రోజు మొదటి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ చేతులమీదుగా ఢిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్ అనే ఆయన అందుకున్నారు. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సుల కట్టడి కూడా తీసేశారు. డబ్బుంటే షాపుకు వెళ్ళి కారు తెచ్చుకునే రోజులొచ్చాయి. అప్పుడే పాత కారు షెడ్డు ఎక్కింది, అప్పుడే మన ప్రశ్న కూడా పుట్టింది. 2014లో అంబాసిడర్, మారుతి 800 రెండూ ఒకే ఏడు తయారీ ఆగిపోయాయి. నిన్న కొత్తగా వచ్చి తాతగారి కారును షెడ్డులోకి నెట్టిన మారుతి కూడా ఇవాళ తాతగారి కారే అయింది!

ఆ మొదటి మారుతి సంగతే చూడండి. హర్‌పాల్ సింగ్ గారు 2010లో పోయేదాకా దాన్ని వదల్లేదు. ఆయన పోయాక అది ఇంటి ముందు ఎండకూ వానకూ పాడైపోయింది. చివరికి తయారుచేసిన కంపెనీయే తీసుకుని బాగుచేయించి 2022లో తమ ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకు పెట్టుకుంది. దేశంలో మొదటిది కాబట్టి ఆ అదృష్టం పట్టింది. మన షెడ్డులోదానికి అలాంటి పుట్టిల్లు లేదు.

డబ్బులేక ఇలా అవుతుందనుకుంటే పొరపాటు. హైదరాబాదు నిజాంల ఇంట్లో ఏం జరిగిందో చూడండి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో ఒక రోల్స్‌రాయిస్‌కు ఆర్డరిచ్చారు. పసుపుపచ్చ రంగు, లోపల సింహాసనం లాంటి ఆసనం. కారు వచ్చేసరికి ఆయన లేరు. అంటే ఇంటికి చేరకముందే అది వారసత్వపు కారైపోయింది! కొడుకు ఉస్మాన్ అలీఖాన్ కూడా దాన్ని తిప్పింది స్వల్పం. 1967లో ఆయన పోయాక మనవడు ముకర్రం జా చేతికి గ్యారేజీలు వచ్చాయి. అరవై కార్లకు పెట్రోలనీ, విడిభాగాలనీ ఖర్చు రాస్తున్నారట, కదిలేవి మాత్రం నాలుగేనట! ఆ వంశం కథ రాసినవారు చెప్పిన మాట ఇది. ప్రపంచంలోకెల్లా ధనవంతుడనిపించుకున్నవారి ఇంట్లో ఇదీ సంగతి. తర్వాత చాలా ఏళ్ళకు చౌమహల్లా ప్యాలెస్‌ను బాగుచేసి తెరిచాక ఆ పచ్చ కారును జనం చూడగలిగారు.

దీన్నిబట్టి నాకు తోచిందేమిటంటే, కారు పాడయ్యేది బీదతనం వల్ల కాదు. "ఇది నాది, నేను తిప్పుతాను" అనే మనిషి లేకపోవడం వల్ల.

సరే, ఇక షెడ్డులోకి వెళదాం. మన వంటింటి లెక్కనే చూద్దాం. కళాయి పోయిన గిన్నెకు కళాయి పెట్టిస్తే సరిపోతుంది. అడుగు చిల్లి పడితే మాటు వేయించాలి. అడుగంతా జల్లెడైతే పాత సామాన్లవాడికి వేయాల్సిందే. కారు కూడా అంతే.

మన ఆడవాళ్ళం సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న "ఏం మేస్త్రీ, ఇంజను లేస్తుందా?" అని. అనుభవమున్న మేస్త్రీ ఏమంటాడో తెలుసా? "ఇంజనుదేముంది లేమ్మా, ఎట్లో ఒకట్ల లేపుతాం. ముందు కింద పండుకోని అడుగు చూడాల" అంటాడు.

అతను చెప్పేది నిజం. అంబాసిడర్‌కూ ఫియట్‌కూ లారీకి మాదిరి విడిగా ఛాసిస్ ఉండదు, ఒళ్ళే ఎముకల గూడు. కాళ్ళకింద మ్యాట్ ఎత్తి చూడండి. పైపైన ఎర్రబడి ఉంటే భయం లేదు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే బిస్కెట్టులా విరిగితే మాత్రం ఇంటి దూలానికి చెద పట్టినట్టే. తలుపుల కింద అంచులూ, చక్రాల పైన గూళ్ళూ కూడా అలాగే చూడాలి. హెరాల్డుకు ఛాసిస్ వేరు, పైన బాడీ వేరు కాబట్టి దాని సంగతి కొంచెం నయం.

ఈ విషయంలో మన ఊళ్ళకు ఒక అదృష్టం ఉంది. మదనపల్లె సముద్రానికి రెండువేల అడుగులకు పైన ఉంది, గాలి పొడిగా ఉంటుంది. ఆ గాలి చూసే కదా 1915లో పక్కనే ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి పెట్టారు! ఊపిరితిత్తులకు మంచిదైన గాలి ఇనుముకూ మంచిదే. మద్రాసు ఉప్పుగాలిలో పదేళ్ళున్న కారుకన్నా ఇక్కడ చూరు కింద ఇరవై ఏళ్ళున్న కారు గట్టిగా ఉంటే ఆశ్చర్యం లేదు. వాన నేరుగా పడకుండా ఉంటే చాలు.

తర్వాత ఇంజను. ఏళ్ళుగా కదలనిదాన్ని బ్యాటరీ తగిలించి గబుక్కున సెల్ఫ్ కొట్టకూడదు సుమండీ. పిస్టన్లు సిలిండరుకు పట్టేసి ఉంటాయి. ప్లగ్గులు విప్పి కాస్త ఆయిల్ పోసి ఒకటి రెండు రోజులు నాననిచ్చి, అప్పుడు చేత్తో తిప్పి చూడాలి. మెల్లగా కదిలిందా, ఆశ ఉంది. పాత పెట్రోలు జిగురై ఉంటుంది, ట్యాంకు కడిగించాలి. బ్రేకుల లోపలి రబ్బర్లు, టైర్లు చూడ్డానికి బాగున్నా మార్చాల్సిందే, అక్కడ పొదుపు పనికిరాదు. వైర్లను ఎలుకలు కొరికి ఉంటాయి. సీటు దూదిలో ఉడుతలు కాపురం పెట్టి ఉంటాయి.

విడిభాగాలకు మరీ బెంగలేదు. అంబాసిడర్ రూపం ఇన్నేళ్ళలో పెద్దగా మారలేదు కనుక ఒక ఏటి భాగం ఇంకో ఏటి బండికి తరచు సరిపోతుంది. బెంగుళూరు జె.సి. రోడ్డులోనో, చెన్నై పుదుపేటలోనో వెతికిస్తే దొరుకుతాయి. దొరకనిదాన్ని లేత్ మీద తీసేవాళ్ళు మన ఊళ్ళల్లోనూ ఉన్నారు.

అసలు ప్రమాదం ఇంకోటుంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు చిన్నప్పుడు ఇంట్లో గడియారం విప్పేసి, అది ఎలా నడుస్తుందో తెలుసుకుని మళ్ళీ బిగించేదాకా తిండికి కూడా లేవలేదని ఆయన జీవితచరిత్రలో ఉంది. విప్పినవాళ్ళందరికీ ఆ పట్టుదల ఉండదు. ఉత్సాహంగా ఇంజను దింపించి, మధ్యలో డబ్బు అయిపోయి, బోల్టులు ఒక డబ్బాలో, కార్బురేటరు ఒక గోనెసంచిలో ఉండిపోయిన కార్లే ఎక్కువ. విప్పని కారుకు ఏదో ఒక ధర వస్తుంది. విప్పేసిన కారుకు ఇనుము ధరే.

కనుక పనిని మూడు వాయిదాలు చేయమనండి. ముందు కదిలించడం, తర్వాత ఆపగలగడం, అంటే బ్రేకులు, చివర టింకరింగూ రంగూ. ఒక్కొక్కదానికి విడిగా అంచనా కాగితం మీద రాయించుకోండి. ఇంతకు మించి పెట్టం అని ఒక అంకె ముందే అనుకోండి. ఆ అంకె మీ చేతి గాజుల దాకా రాకూడదు. మామగారి జ్ఞాపకం పేరుతో పిల్లదాని ఫీజు డబ్బు గ్యారేజీకి పోతే, పైనున్న ఆ మామగారే ఒప్పుకోరు.

కాగితాలు కూడా చూడాలి. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు. ఆ తర్వాత బండి పరీక్ష చేయించి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022లో రూ.5,000 అయింది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025లో రూ.10,000 చేశారు. ఆర్.సి. పుస్తకం తాతగారి పేరుమీదే ఉంటే వారసులందరి సంతకాలూ కావాలి. యాభై ఏళ్ళు దాటినదైతే 2021 నుంచి వింటేజ్ కింద వేరే రిజిస్ట్రేషను ఉంది, రూ.20,000 కట్టాలి, అయితే దాన్ని రోజూ మార్కెట్టుకు తిప్పడానికి వీల్లేదు. మేస్త్రీ కన్నా ముందు బీరువాలో ఆర్.సి. వెతకడం మేలు.

ఇవన్నీ అయ్యాక అసలు ప్రశ్న మిగులుతుంది. దాన్ని నడిపేదెవరు? కొడుకు బెంగుళూరులో, అల్లుడు అమెరికాలో ఉంటే, లక్షలు పోసి మెరిపించిన కారు కూడా రెండేళ్ళకు మళ్ళీ షెడ్డు పాలే. "తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అన్నట్టు పదిమందికి చూపించుకోవడానికైతే ఆ ఖర్చు దండగ. అలాకాక, వారానికొకసారి తీసి తుడిచి, అత్తగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి హార్స్‌లీ హిల్స్ ఘాటు ఎక్కించే మనవడో, మనవరాలో ఇంట్లో ఉంటే, అడుగు గట్టిగా ఉంటే, నిశ్చింతగా బాగుచేయించండి. పుంగనూరు ఆవు పొట్టిదనీ, పాలు తక్కువనీ జనం వదిలేస్తే జాతే అంతరించేదాకా వచ్చింది. పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో దాన్ని కూడగట్టి పెంచారు. దానికి రోజూ మేత వేసే చెయ్యి ఒకటి దొరికింది కాబట్టే నిలిచింది.

అలాంటి చెయ్యి మీ ఇంట్లో లేకపోతే, ఉన్నవాళ్ళకు ఇచ్చేయడంలో తప్పులేదు. పాత కార్లంటే ప్రాణం పెట్టే కుర్రాళ్ళు బెంగుళూరులో ఉన్నారు. తుక్కుకింద ఇచ్చేదానికన్నా నాలుగు డబ్బులు తక్కువొచ్చినా అలాంటివాడికి ఇస్తే కారు తిరుగుతుంది. స్టీరింగు చక్రమో, గడియారమో, తాతగారి తాళంచెవుల గుత్తో ఇంట్లో ఉంచుకోవచ్చు.

ఈసారి పంపకాల కాగితం రాసేటప్పుడు, బంగారం, పొలం, గంగాళాల తర్వాత ఇంకో వరస కూడా రాయించండి. కారు ఎవరిది, ఏ తేదీలోగా తేలుస్తారు అని. పేరు రాయడానికి ఎవరూ ముందుకు రాకపోతే, బాగుచేయించాలా వద్దా అన్నదానికి జవాబు ఆ ఖాళీలోనే ఉంది.