విద్యార్థి సభలు – శాసన ప్రతిపాదనలు: మైసూరు సంస్థాన చరిత్ర చూపు దారి

ఒక సభ యోగ్యతను దాని పేరునుబట్టి గాని, సభ్యుల సంఖ్యనుబట్టి గాని నిర్ణయింప వీలులేదు. దాని యెదుటికి వచ్చిన ప్రతిపాదన యే దారిని నడచి యెచ్చట నిలిచినదో పరిశీలించిననే దాని నిజస్వరూపము తెలియును. ఈ పరీక్ష శాసనసభల కెంత వర్తించునో విద్యాలయములలోని విద్యార్థి సభలకును అంతే వర్తించును. బెంగుళూరు పరిపాలనా కేంద్రముగా నడచిన మైసూరు సంస్థాన చరిత్ర యీ విచారణకు మిక్కిలి ఉపకరించును.

విద్యార్థి ప్రభుత్వ పద్ధతి అమెరికా విశ్వవిద్యాలయములలో లోతుగా వేరూనినది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున బర్కిలీ విద్యార్థులు తమ సంఘమును 1887లోనే స్థాపించుకొనిరి. ఇట్టి సంఘములలో ప్రతిపాదన నడచు క్రమము సామాన్యముగా నిట్లుండును. ఒక సభ్యుడు చిత్తుప్రతిని వ్రాసి సభకు సమర్పించును. అది సంబంధించిన ఉపసంఘమునకు పోవును. వ్యయమెంత, సంఘ నియమావళికి విరుద్ధమా, అమలు జరుపవలసిన వారెవరు అను ప్రశ్నలను ఉపసంఘము విచారించి, సవరణలతో సభకు మరల పంపును. సభలో వాదప్రతివాదములు ముగిసిన పిమ్మట వోట్లు లెక్కింతురు. పెక్కుచోట్ల సంఘాధ్యక్షుని సంతకముతోనే ప్రతిపాదన అమలులోనికి వచ్చును. అతడు నిరాకరించినచో సభ అధికతర బలముతో దానిని తిరిగి నెగ్గించుకొనవచ్చును.

చూచుటకు ఇది సంపూర్ణమైన శాసన నిర్మాణమే. అయినను సంఘ నిధుల వినియోగము వంటి స్వవిషయములలో మాత్రమే ఆ తీర్మానము శాసనము. బోధనరుసుము, పరీక్షావిధానము, వసతిగృహ నియమములు మొదలగు వానియందు అది విశ్వవిద్యాలయాధికారులకు చేయు విన్నపము మాత్రమే. సభ మాటకు, అధికారి చేతకు నడుమనున్న ఈ యెడమే విద్యార్థి సభల ముఖ్య సమస్య. మైసూరు సంస్థానమున ప్రజలు ఈ యెడమును దాటుటకు అరువదియాఱు సంవత్సరములు పట్టెను.

1881లో బ్రిటిషువారు సంస్థానమును మరల రాజవంశమున కప్పగించినపుడు దివాను పదవి వహించిన రంగాచార్లు ఆ యేడే ప్రజాప్రతినిధి సభను నెలకొల్పెను. అక్టోబరు 7వ తేదీన 144 మంది రైతు ప్రముఖులు, వర్తకులు మైసూరులో సమావేశమైరి. దివాను గడచిన యేటి పరిపాలనను వివరించును. ప్రతినిధులు తమ తాలూకాల కష్టసుఖములు విన్నవింతురు. శాసనము చేయు హక్కు గాని, వోటు చేయు హక్కు గాని వారికి లేదు. 1891లో ఎన్నిక పద్ధతి ప్రవేశించినను సభాధికారములు పెరుగలేదు. ప్రతినిధులు దసరా వేళ మైసూరులో మాటలాడుదురు. ఉత్తరువులు బెంగుళూరులోని అఠారా కచేరీ కార్యాలయములలో తయారగును. మాట యొకచోట, వ్రాత మరియొకచోట అనునది నాటి స్థితి.

1907లో శాసన నిర్మాణ సభ వేరుగా నేర్పడెను. అందు నియమితులదే ఆధిక్యము. ఎన్నికైనవారు మిక్కిలి తక్కువ. 1913లో ప్రశ్నలడుగు హక్కును, ఆదాయవ్యయ పట్టికను చర్చించు హక్కును సంక్రమించెను. అసలైన మార్పు 1923లో వచ్చెను. దానికి దారి తీసిన సంఘమునకు అధ్యక్షత వహించిన పండితుడు అప్పటి మైసూరు విశ్వవిద్యాలయోపాధ్యక్షుడు బ్రజేంద్రనాథ శీల్. ఈ సంస్కరణమువలన ప్రజాప్రతినిధి సభకు చట్టబద్ధత కలిగెను. క్రొత్త పన్నుల విషయమునను, శాసన నిర్మాణ సభలో ప్రవేశపెట్టబోవు బిల్లుల మూలసూత్రముల విషయమునను ముందుగా నీ సభను సంప్రదించుట విధియయ్యెను. శాసన నిర్మాణ సభ సభ్యసంఖ్య 50కి పెరిగెను. అందు 22 మంది ఎన్నికైనవారు. అయినను ప్రజాప్రతినిధి సభ అభిప్రాయము ప్రభుత్వమును బంధింపదు. సంప్రదింపు హక్కు దక్కినది, నిర్ణయాధికారము దక్కలేదు.

విద్యార్థి సభలో నేర్చిన విద్య శాసనసభలో నెట్లు పనికివచ్చునో కట్టమంచి రామలింగారెడ్డి జీవితము చూపును. చిత్తూరు సీమవాడైన ఈ తెలుగు పండితుడు కేంబ్రిడ్జిలో చదువుచు అచటి విద్యార్థుల చర్చాసభయైన యూనియనునకు ఉపాధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. 1815లో పుట్టిన ఆ యూనియను కష్టములను గూడ చూచినదే. రాజకీయ చర్చలకు జంకి విశ్వవిద్యాలయాధికారులు దానిని 1817లో మూయించి, 1821లో కట్టుబాట్లతో మరల తెరువనిచ్చిరి. అట్టి సభలో ప్రతిపాదకుడు, ప్రతివాది, వోట్ల విభజన అను మర్యాదలెరిగిన రెడ్డి మైసూరు సంస్థానమున విద్యాశాఖకు ఇన్స్పెక్టరు జనరలయ్యెను; 1921లో ఆ కొలువు విడిచి మద్రాసు శాసనసభలో ప్రవేశించెను; 1926లో శాసనముచే నేర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమోపాధ్యక్షుడయ్యెను. యౌవనమున సభామర్యాద నేర్చినవాడు పిదప సంస్థలను నడుపగలడనుట కిది నిదర్శనము.

సంప్రదింపుతోనే సరిపుచ్చుట ఎంతో కాలము సాగలేదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమము వచ్చినపుడు బెంగుళూరు విద్యార్థులు తరగతులు విడిచిరి. సెంట్రల్ కళాశాల విద్యార్థియైన హెచ్. నరసింహయ్య చదువు మాని చెరసాల కేగెను. ఆయనయే తరువాతి కాలమున బెంగుళూరు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడయ్యెను. 1947 సెప్టెంబరులో బాధ్యతాయుత ప్రభుత్వము కొరకు 'మైసూరు చలో' సత్యాగ్రహము రేగెను. మైసూరులో రామస్వామి యను విద్యార్థి కాల్పులకు గురియై మరణించెను. ఆతని పేర నేటికిని ఆ నగరమున నొక కూడలి కలదు. అక్టోబరులో మహారాజు అంగీకరింపగా, తెలుగు వినవచ్చు కోలారు సీమకు చెందిన కె. చెంగలరాయరెడ్డి నాయకత్వమున ప్రజామంత్రివర్గ మేర్పడెను. సభలో వినబడని మాట వీథిలో వినబడెను. దాని మూల్యమొక నిండు ప్రాణము.

ఈ చరిత్రకెదుట నేటి విద్యార్థి సభలను నిలిపి చూడవలెను. 1989లో రాజ్యాంగపు 61వ సవరణముచే పదునెనిమిది యేండ్లవారికి వోటు హక్కు లభించెను. బెంగుళూరు విద్యార్థి శాసనసభ్యుని ఎన్నుకొనగలడు గాని, తన వసతిగృహపు నియమమును మార్పగలవాడు కాడు. సుప్రీంకోర్టు ఆజ్ఞవలన నేర్పడిన లింగ్డో సంఘము సిఫారసులు 2006లో అమలునకు వచ్చెను. అభ్యర్థుల వయఃపరిమితి, నూటికి 75 వంతుల హాజరు, రూ. 5,000 వ్యయపరిమితి మొదలగునవి అందు కలవు. వాని దృష్టి యంతయు ఎన్నికమీదనే; ఎన్నికైన సభ తెచ్చిన ప్రతిపాదన గతి యేమి యను ప్రశ్నకు అందు తగిన చోటు దొరకలేదు. 1986 నాటి కర్ణాటక శాసనముచే నేర్పడిన బెంగుళూరు జాతీయ న్యాయ విద్యాలయమున విద్యార్థులు తమ సంఘమునకు స్టూడెంట్ బార్ అసోసియేషన్ అని న్యాయవాదుల సంఘపు పేరు పెట్టుకొనిరి. బిల్లుల నిర్మాణము పాఠముగా చదువువారికే గాక, ఏ శాఖ విద్యార్థులకైనను ప్రతిపాదన నడపు అభ్యాసము వలసినదే.

అధికారుల పక్షమునను న్యాయము లేకపోలేదు. విద్యార్థి మూడు నాలుగేండ్లలో వెడలిపోవును, సంస్థ నిలిచియుండును. పరీక్షల ప్రామాణ్యమునకు, నిధుల లెక్కకు చట్టము ఎదుట జవాబు చెప్పవలసినవారు అధికారులే. కావున సర్వాధికారము విద్యార్థి సభకు ఈయవలెననుట సమంజసము కాదు. కాని 1923లో ఒక సంస్థాన ప్రభుత్వము తన ప్రజలకిచ్చిన పాటి మర్యాదను విశ్వవిద్యాలయము తన విద్యార్థులకు ఈయవలదా? నియమము చేయుటకు ముందే సంప్రదించుట, సవరణలు సూచింపనిచ్చుట, త్రోసిపుచ్చినచో నియమితకాలములో కారణములు వ్రాసి తెలుపుట అను మూడును ఆ మర్యాదకు అంగములు. మొదటి రెంటితో ఆగిన ప్రభుత్వము తుదకు సత్యాగ్రహము నెదుర్కొనెను.

ప్రతిపాదన ఓడిపోవుట సభకు అవమానము కాదు. జవాబు లేక కాగితముల కట్టలో నది మడుగుటయే అవమానము. అఠారా కచేరీ భవనమున నేడు ఉన్నత న్యాయస్థానము నడచుచున్నది. ఏ తీర్పునకైనను కారణములు వ్రాయుట అచటి నియమము. ఆ నియమము విద్యార్థి సభ వాకిటివరకు వచ్చిననాడు, నేటి విద్యార్థి రేపటి శాసనకర్తగా తయారగుటకు వేరొక బడి అక్కరలేదు.